ఎనిమిదో రోజు

పలమనేరులో కరెంటు పోయి అరగంటైంది.
ఎమర్జెన్సీ లైటు కింద
ముప్పై ఎనిమిది జవాబు పత్రాలు,
ఎర్ర పెన్నూ, తొరక కట్టిన టీ, నేనూ.

ప్రశ్న నేనే రాశాను, మా పిల్లల ఊళ్ళోంచి ఏరుకొచ్చి.
ఒక ఇంటివాళ్ళు పాలకేంద్రంలో
వారం రోజులు పోసిన పాలు, లీటర్లలో:
ఏడు, ఏడు, ఎనిమిది, ఆరు, ఏడు, ఏడు, సున్న.
సగటు ఎంత?
మంద విడిచి దూరంగా నిలబడ్డ అంకె ఏది?
ఆ ఇంటి పాడిని ఏ అంకె సరిగ్గా చెబుతుంది, ఎందుకు?
అయిదు మార్కులు.

సగటు దాదాపు అందరికీ వచ్చు.
కూడతారు, ఏడుతో భాగిస్తారు, ఆరు అని రాసి
కింద రెండు గీతలు కొడతారు,
తలుపుకు గడియ పెట్టినట్టు.
వారంలో ఒక్కరోజు ఆరు పోసిన ఇంటికి
వారమంతా ఆరే అని పేరు పెట్టామే అని
గడియ తీసి ఎవరూ తొంగి చూడరు.

చెంగల్రాయుడు ఆరుతో భాగించాడు.
ఏడు వచ్చింది. పక్కన చిన్న అక్షరాల్లో:
'పాలు లేని పొద్దు లెక్కలోకి రాదు మేడమ్.'
తప్పే. ఇంటూ కొట్టబోయి ఆగాను.
మధ్యగతం ఇంటి గడప తొక్కాడు వీడు,
ఎవరిల్లో తెలియకుండానే, చెప్పులతోనే.
చాలాసేపు ఆలోచించి
అర మార్కు.

ఇర్ఫానా ఎనిమిది చుట్టూ గుండ్రంగా గీసింది,
అన్నిటికన్నా పెద్దదని.
ఎనిమిది ఏడుకు పక్కింట్లోనే కాపురముంది తల్లీ,
గోడ మీంచి కూరాకు ఇచ్చిపుచ్చుకునేంత దగ్గర.
రేపు బోర్డు మీద ఒక వీధి గీసి
అంకెలకు ఇళ్ళు కట్టి చూపించాలి.

దొరవేలు సున్నను కొట్టేశాడు,
కాగితం చిరిగేంత గట్టిగా.
'రాసేటోళ్ళు తప్పు రాసింటారు.'
అదీ జరిగేదే.
పాలకేంద్రంలో లెక్క రాసేది వాళ్ళ మేనమామే.

ఇంకొకడు 'ఏనుగులు వచ్చినాయి' అని వదిలేశాడు.
కౌండిన్య అడివి అంచు ఊరు, కాదని ఎట్లా అనను?
కారణం అడిగింది నేనే. మార్కు ఇచ్చాను.

ఇరవై తొమ్మిదో పత్రం మునీశ్వరిది.
ఎడమకు ఒరిగిన రాత,
గాలికి వంగిన చెరుకుతోట లాగ.
'సగటు 6. మధ్యగతం 7.
సున్న వేరేదా కాదా అని ఇప్పుడే చెప్పేదానికి కాదు మేడమ్.
ఎనిమిదో రోజు ఎంత పోసినారో మీరు ఇయ్యలేదు.
మళ్ళా ఏడు పోసింటే సున్న ఒక్కటే వేరు.
ఆ పొద్దు దూడ తాడు తెంపుకోని తాగేసింటాది, అంతే.
ఎనిమిదో రోజూ సున్నే అయితే
ఆవును అమ్మేసినారని.
అప్పుడు ఆ ఏడులే పాత మాట.'

నా జవాబుల కాగితం తీసి చూశాను.
'సున్న, 1 మార్కు' అని ఉంది
నా చేతిరాతతోనే.

పద్నాలుగేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను.
వేరుగా కనబడిన అంకెను వేలుపెట్టి చూపించమన్నాను,
తీసేస్తే సగటు ఎంత మారుతుందో చూడమన్నాను.
ఆ అంకె ఆఖరిదో, మొదటిదో
అడగమని ఎన్నడూ అనలేదు.

ఇంతకీ ఈ పిల్లకు ఎట్లా తెలుసు?
బుర్ర పెట్టి ఆలోచించిందా,
కొట్టంలో ఖాళీ గుంజను చూసి రాసిందా?
ఇది లెక్కా, కబురా?
హాజరు పట్టీ బళ్ళోనే ఉండిపోయింది.
పోయిన వారం తను వచ్చిందో లేదో
ఎంత తలచుకున్నా గుర్తుకు రాదు.

రేపు పదింటికల్లా తరగతి సగటు ఫోనులో ఎక్కించాలి.
ఆ గడిలో ఒక్క అంకె పడుతుంది.
ముప్పై ఎనిమిది మందిని కూడి, భాగించి,
నేనూ కింద రెండు గీతలు కొట్టాలి.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగి
కాగితాలన్నీ గదంతా ఎగిరాయి.
ఏరుకుంటూ మునీశ్వరి పత్రం దగ్గర ఆగి
అయిదుకు అయిదు వేశాను.
తర్వాత నా ప్రశ్నాపత్రం వెతికి
సున్న పక్కనున్న చుక్కకు
తోక తగిలించి కామా చేశాను.

రేపు ఏడున్నర బస్సు వద్దు.
అయిదున్నరదే ఎక్కాలి,
పాలకేంద్రం మూసేలోపల.